ఉద్యోగ దరఖాస్తులు – మానసిక ఒత్తిడి : ఒక పరిశీలన

(తృతీయ బి.యస్సీ. విద్యార్థి)

మానవ జీవితంలో విద్యార్థి దశ వసంత ఋతువు వంటిదని పెద్దలంటారు. నిజమే. కాని ఆ వసంతం చివర ఒక మండువేసవి ఉన్నదని, దాని పేరు "దరఖాస్తుల కాలం" అని మాత్రం ఎవరూ ముందుగా చెప్పరు. ఆఖరి సంవత్సరం మొదలైన నాటినుండీ హాస్టలు వరండాలో వినిపించే మాటలు రెండే: "ఎక్కడెక్కడ అప్లై చేశావు?", "ఏమైనా వచ్చిందా?" మొదటి ప్రశ్నకు గట్టిగా జవాబు చెబుతాము. రెండవ దానికి నేల చూపులు చూస్తాము.

నేను మనస్తత్వ శాస్త్రం చదివినవాణ్ణి కాను. రసాయన శాస్త్రం చదువుకుంటున్న రైతు బిడ్డను. మాది పల్నాడు. నాగార్జునసాగర్ కుడి కాలువ చివరి భూములు. కాలువలో నీళ్లు వస్తే మిరప, రాకపోతే ఆకాశం వంక చూపు. అటువంటివాడికి ఇటువంటి విషయం మీద వ్యాసం వ్రాసే అర్హత ఏమున్నదని మిత్రులు అడగవచ్చును. ఈ ఏడాది మా ఇంట్లో ఇద్దరం ఈ ఎండలో నిలబడ్డాము. ఒకరు మా అక్క, రెండవవాణ్ణి నేను. అనుభవించినదాన్ని, దాని కోసం లైబ్రరీలో చదివినదాన్ని కలిపి మీ ముందు పెడుతున్నాను. తప్పులుంటే గురువులు మన్నించి సరిదిద్దగలరు.

అక్క కథ

అక్క అంటే మా పెద్దమ్మ కూతురు. ఇంటర్ అయినాక క్లాట్ పరీక్ష వ్రాసి ఒక న్యాయ విశ్వవిద్యాలయంలో అయిదేళ్ల కోర్సులో చేరింది. ఇప్పుడు నాలుగో సంవత్సరం. మా బంధువర్గంలో లా చదివిన మొదటి మనిషి. మా తాతయ్య గట్టు తగాదాలో కోర్టు మెట్లు ఎక్కీ దిగీ సగం వయస్సు గడిపారు. అందుకని అక్క లాయరవుతుందంటే ఆయన సంతోషం ఇంతా అంతా కాదు.

అయితే అక్క వెళ్లదలచినది తాతయ్య ఎరిగిన కోర్టుకు కాదు. బొంబాయి, ఢిల్లీ నగరాలలోని లా ఫర్ములకు. కంపెనీల ఒప్పందాలు, విలీనాలు, బ్యాంకు రుణ పత్రాలు, ఇవీ వాటి పని. జీతాలు బాగుంటాయి. అక్క చదువు కోసం పెదనాన్న తెచ్చిన విద్యారుణం ఉంది. కనుక ఆ జీతం ఆమెకు మోజు కాదు, అవసరం.

ఆ ఉద్యోగాలకు దారి మన క్యాంపస్ సెలక్షన్ వంటిది కాదు. ముందు అక్కడ శిక్షణార్థిగా నాలుగు వారాలు పనిచేయాలి. దానికి నెలల ముందే దరఖాస్తు పెట్టాలి. మార్కులు, మూట్ కోర్టు పోటీలు, పత్రికలలో వ్రాసిన వ్యాసాలు అన్నీ ఒక కాగితం మీదకు ఎక్కించి పంపాలి. ఆ నాలుగు వారాలలో పని నచ్చితే, చదువు పూర్తి కాకముందే ఉద్యోగం ఇస్తామంటారు. లేదా విశ్వవిద్యాలయానికే వచ్చి ఇంటర్వ్యూలు చేస్తారు. బార్ కౌన్సిల్ 2008 నాటి నియమాల ప్రకారం కూడా అయిదేళ్ల కోర్సు వారు మొత్తం 20 వారాలు, మూడేళ్ల కోర్సు వారు 12 వారాలు ఇటువంటి శిక్షణ పొంది తీరాలి. కనుక ఇందులో తప్పించుకునే వీలు లేదు.

అక్క ఇరవైమూడు చోట్లకు దరఖాస్తులు పంపింది. నాలుగింటి నుండి "విచారిస్తున్నాము" అని జవాబు వచ్చింది. మిగిలిన పందొమ్మిదింటి నుండి ఏమీ రాలేదు. సంక్రాంతికి ఇంటికి వచ్చినప్పుడు చూస్తే మనిషి సగమైపోయి ఉంది. అరిసెలు చేస్తుంటే అందరితోపాటు కూర్చునే మనిషి, ఫోను పట్టుకుని దొడ్లో తిరుగుతోంది. రాత్రి రెండింటికి లేచి చూస్తే ఆ ఫోను వెలుతురే. "ఏంటక్కా ఇది?" అంటే, "కాదని చెప్పినా బాగుండేదిరా తమ్ముడూ, ఏమీ చెప్పకపోతే మనిషిని ఉన్నట్టు కూడా లెక్కవెయ్యలేదనిపిస్తది" అంది.

నా కథ

నా సంగతీ ఏమంత గొప్పగా లేదు. ఒక మందుల కంపెనీ వారు పరీక్షశాల ఉద్యోగాలకు ఎంపిక జరిపారు. వ్రాత పరీక్ష గట్టెక్కాను. ఇంటర్వ్యూలో ఒక పెద్దాయన నెమ్మదిగానే అడిగారు: "ఎసిటికామ్లాన్ని సోడియం హైడ్రాక్సైడుతో టైట్రేషన్ చేసేటప్పుడు ఏ ఇండికేటరు వాడతావు? ఎందుకు?"

మిత్రులారా! ఈ ప్రయోగం నేను ఎన్నిసార్లు చేశానో లెక్కలేదు. బలహీనామ్లం, బలమైన క్షారం. తుల్యతా బిందువు దగ్గర పీహెచ్ విలువ 8 దాటుతుంది. కనుక ఫినాఫ్తలీన్. ఇది మా ల్యాబు అటెండరు గారు కూడా చెప్పగలరు. కాని ఆ క్షణంలో నా నోట మాట లేదు. నాలుక పిడచకట్టుకుపోయింది. అరచేతులు చెమటలు పట్టాయి. గుండె చప్పుడు నాకే వినిపిస్తోంది. "తెలుసు సార్, గుర్తు రావడం లేదు" అన్నాను. ఆయన చిరునవ్వు నవ్వి, తరువాతి వాణ్ణి పిలవమన్నారు. బయటికి వచ్చి మూడో మెట్టు దిగేసరికి జవాబు మొత్తం కళ్ల ముందు కనబడింది!

తెలిసినది ఎక్కడికి పోయింది? మూడు మెట్లు దిగగానే ఎలా తిరిగి వచ్చింది? ఈ రెండు ప్రశ్నలే నన్ను లైబ్రరీకి పంపించాయి.

ఒత్తిడి అనగా నేమి?

భౌతిక శాస్త్రంలో ఒత్తిడి అనే మాట మనందరికీ పరిచయమే. ప్రమాణ వైశాల్యం మీద పనిచేసే బలం. ఒక తీగను లాగితే సాగుతుంది, వదిలితే మామూలుగా అవుతుంది. స్థితిస్థాపక అవధి దాటి లాగితే తిరిగి రాదు. ఇంకా లాగితే తెగుతుంది. ఈ మాట జీవశాస్త్రంలో స్థిరపడటానికి ముఖ్య కారకుడు హాన్స్ సెల్యె అనే శాస్త్రజ్ఞుడు. ఆయన కెనడాలోని మాంట్రియల్ నగరంలో ఎలుకల మీద ప్రయోగాలు చేసి 1936లో 'నేచర్' పత్రికలో ఒక చిన్న లేఖ ప్రకటించారు. ఎలుకను చలిలో పెట్టినా, గాయపరచినా, అతిగా పరుగెత్తించినా, మందులిచ్చినా దాని శరీరంలో వచ్చే మార్పులు ఒకే తీరుగా ఉన్నాయని ఆయన గమనించారు. అధివృక్క గ్రంథులు ఉబ్బినాయి. థైమస్ గ్రంథి కుంచించుకుపోయింది. జీర్ణాశయంలో పుండ్లు పడ్డాయి. అంటే కారణాలు వేరు, శరీరం చెప్పే జవాబు ఒకటే.

ఆ జవాబును సెల్యె మూడు దశలుగా విభజించారు. మొదటిది హెచ్చరిక దశ. రెండవది ప్రతిఘటన దశ. శరీరం తట్టుకుని నిలబడుతుంది. మూడవది క్షీణ దశ. కారణం తొలగకపోతే నిల్వలన్నీ అయిపోయి శరీరం కుంగుతుంది.

అంతకు ముందే హార్వర్డు విశ్వవిద్యాలయంలో వాల్టర్ కానన్ ఈ హెచ్చరిక దశను వివరించి ఉన్నారు. అపాయం ఎదురైనప్పుడు జంతువు పోరాడాలి, లేదా పారిపోవాలి. రెండింటికీ ఒకటే సన్నాహం కావాలి. మూత్రపిండాల పైన టోపీల్లా కూర్చున్న అధివృక్క గ్రంథులు ఎడ్రినలిన్ విడుదల చేస్తాయి. ఇది ఎంత చిన్న అణువంటే, తొమ్మిది కార్బన్, పదమూడు హైడ్రోజన్, ఒక నైట్రోజన్, మూడు ఆక్సిజన్ పరమాణువులు, అంతే! కాని ఇది రక్తంలో కలవగానే గుండె వేగం పెరుగుతుంది. కంటిపాపలు విశాలమవుతాయి. రక్తం కండరాలకు మళ్లుతుంది. జీర్ణక్రియ మందగిస్తుంది. దాని వెనుకనే, కొద్ది నిమిషాలలో, మెదడులోని హైపోథాలమస్, పీయూష గ్రంథుల ఆజ్ఞ మీద కార్టిసాల్ అనే రెండవ హార్మోను పెరిగి, రక్తంలో చక్కెరను పెంచుతుంది.

పొలంలో పాము ఎదురైతే ఈ ఏర్పాటంతా ప్రాణం నిలుపుతుంది. ఎగిరి గట్టు మీదకు దూకుతాము. అయిదు నిమిషాలలో అంతా సర్దుకుంటుంది. కాని ఇంటర్వ్యూ గదిలో దూకడానికి గట్టు లేదు! కండరాలకు వచ్చిన రక్తంతో పనిలేదు. పైపెచ్చు, కార్టిసాల్ ఎక్కువైనప్పుడు జ్ఞాపకాల గదిలో నుండి తెలిసిన విషయాన్ని బయటికి తీయడం కష్టమవుతుందని ప్రయోగాలలో తేలింది. నా ఫినాఫ్తలీన్ ఎక్కడికీ పోలేదు. గదిలోనే ఉంది, తలుపు బిగుసుకుంది. ఇది తెలిసిన నాడు నాకు సగం బరువు దిగింది. నేను మొద్దును కాను, నా శరీరం పామును చూచిందనుకున్నది!

అక్క విషయం వేరు. ఆమె పాము ఒక్క క్షణం కనబడి మాయమయ్యేది కాదు. నెలల తరబడి ఫోనులోనే పడుకుని ఉంది. అది సెల్యె చెప్పిన మూడవ దశకు దారి. నిద్ర పట్టకపోవడం, ఆకలి చావడం, చిన్నమాటకే కన్నీళ్లు, ఇవన్నీ ఆ దారిలోని మైలురాళ్లు.

ఒత్తిడి అసలే వద్దా?

అలాగని ఒత్తిడి బొత్తిగా లేకుండా ఉండటం మేలనుకోరాదు. 1908లో యెర్క్స్, డాడ్సన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఎలుకలకు దారి నేర్పుతూ ఒక సంగతి గమనించారు. కష్టమైన పాఠం విషయంలో ప్రేరేపణ మరీ తక్కువైనా ఎలుక నేర్వదు, మరీ ఎక్కువైనా నేర్వదు, మధ్యస్థంగా ఉన్నప్పుడే నేర్చుకుంటుంది.

ఈ సూత్రం మా నాన్నకు ఎప్పటినుండో తెలుసు, పేరు తెలియదంతే. మిరప నారు పీకడానికి నాలుగైదు రోజుల ముందు నారుమడికి నీళ్లు ఆపుతారు. చిన్నప్పుడు నేను చూడలేక, "నాన్నా, మొక్కలు వాడుతున్నయ్" అంటే, "వాడనీ. ఇక్కడ సుఖంగా పెరిగిన నారు చేలో ఎండకి ఆగదు, కాస్త గట్టిపడాల" అనేవారు. వృక్షశాస్త్రం చదివే మిత్రులు దీనికి కారణం చెబుతారు. నీరు తగ్గినప్పుడు మొక్కలో ఎబ్సిసిక్ ఆమ్లం పెరిగి పత్రరంధ్రాలు మూసుకుంటాయి, మొక్క పొదుపు నేర్చుకుంటుంది. కాని ఇదే నీటి ఎద్దడి పూతమీద ఉన్నప్పుడు వచ్చి, రోజుల తరబడి ఉంటే? పూతా పిందే రాలిపోతుంది. కనుక ఎద్దడి మంచిదా చెడ్డదా అని అడగడం కాదు. ఎంత, ఎన్నాళ్లు, ఏ దశలో అని అడగాలి.

దరఖాస్తుల ఒత్తిడికి ఉన్న ప్రత్యేకత

పరీక్షల ఒత్తిడి కూడా ఒత్తిడే. అయితే పరీక్షకు తేదీ ఉంది, సిలబసు ఉంది, ఫలితం వచ్చే రోజు ఉంది. దరఖాస్తుకు ఇవేవీ లేవు. నా పరిశీలనలో ఇందులో నాలుగు ముళ్లున్నాయి.

మొదటిది, నిర్ణయం మన చేతిలో లేకపోవడం. రెండవది, మౌనం. కాదన్న జవాబు గాయం వంటిది, ఆరుతుంది. జవాబు రాకపోవడం మానని పుండు వంటిది. మూడవది, పోలిక. పక్క గది వాడికి వచ్చిన ఉద్యోగం మనది పోయినట్లే తోస్తుంది. నాలుగవది, మన వెనుక నిలబడ్డవారి బరువు. పట్టణం పిల్లలకు ఇది ఎంత ఉంటుందో నేను చెప్పలేను. మా వంటి వారికి మాత్రం, దరఖాస్తు ఫారంలో ఒక్క పేరే వ్రాసినా దాని కింద అమ్మా, నాన్నా, చెల్లి పెళ్లి, బ్యాంకు నోటీసు అన్నీ సంతకం పెట్టినట్లే ఉంటుంది. దీనికి తోడు ఇంగ్లీషు భయం. అక్క వంటి తెలివైన మనిషి కూడా, "వాళ్లు నా మాటలు వింటన్నారా, నా యాస వింటన్నారా?" అని అడిగింది.

ఏమి చేయాలి?

ఇక అసలు విషయానికి వస్తాను. కింద చెప్పినవి నేనూ అక్కా చేసి చూచినవి. ఇందులో మంత్రాలు లేవు.

1. చేతిలో ఉన్నది, లేనిది విడదీయడం. "వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికెరుక" అని సామెత. అయినా ఏ రైతూ వాన వచ్చాకే దుక్కి దున్నుతానని కూర్చోడు. దుక్కి, విత్తనం, ఎరువు మన పని. వాన మన పని కాదు. అక్క ఒక కాగితం మీద గీత గీసి ఇటు "నేను చేయగలిగినవి", అటు "చేయలేనివి" అని వ్రాసింది. దరఖాస్తులో తప్పులు దిద్దడం, ఆ ఫర్ము చేసే పనిని గురించి చదవడం, కంపెనీ చట్టం, కాంట్రాక్టు చట్టం మళ్లీ తిరగవేయడం ఇటు. వారు ఎప్పుడు జవాబిస్తారు, ఎవరిని తీసుకుంటారు అటు. రోజూ పొద్దున్న ఇటువైపు పని రెండు గంటలు. ఉత్తరాలు చూడటం మాత్రం సాయంత్రం ఒక్కసారే. మొదటి మూడు రోజులు చేతులు దురదపెట్టాయట. నాలుగో రోజు రాత్రి నిద్రపోయింది.

2. లెక్క వేసుకోవడం. ఒక చోట ఎంపిక అయ్యే సంభావ్యత పదింట ఒకటి అనుకుందాం. కాకపోయే సంభావ్యత 0.9. పది చోట్లా కాకపోవడానికి 0.9ని పదిసార్లు గుణిస్తే సుమారు 0.35. అంటే కనీసం ఒకచోట అయ్యే అవకాశం నూటికి 65. ఇరవై చోట్లకు పెడితే నూటికి 88 దాకా వెళుతుంది. ఇది ఒకదానితో ఒకటి సంబంధం లేని ప్రయత్నాలకు వర్తించే లెక్క. ప్రతి చోటా ఒకే తప్పుతో పంపితే ఈ లెక్క పనిచేయదు. కనుక ప్రతి అయిదు దరఖాస్తులకూ ఒకసారి ఆగి, తెలిసినవారిచేత చూపించుకుని దిద్దుకోవాలి. ఈ లెక్క చెప్పే నీతి ఏమనగా, తొమ్మిది చోట్ల కాదనడం మన విలువ మీద తీర్పు కాదు. అది ఈ వ్యవహారపు సహజ స్వభావం.

3. వ్రాసుకోవడం. అమెరికాలో జేమ్స్ పెన్నిబేకర్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు 1986లో ఒక ప్రయోగం ప్రకటించారు. విద్యార్థులు రోజుకు పావుగంట చొప్పున నాలుగు రోజులు తమ మనస్సులోని బాధను దాచకుండా వ్రాశారు. ఆ తరువాతి నెలలలో వారు ఆరోగ్య కేంద్రానికి వెళ్లడం తగ్గింది. వ్రాసినది ఎవరికీ చూపనక్కరలేదు. నేను ఇంటర్వ్యూ జరిగిన రోజు రాత్రి రికార్డు పుస్తకం వెనుక పేజీలలో వ్రాశాను. లక్ష్యం, పరికరాలు, పద్ధతి, పరిశీలన, ఫలితం అని ప్రయోగంలా వ్రాస్తే నవ్వు వచ్చింది. నవ్వు వచ్చిందంటే సగం తగ్గినట్లే.

4. ఊపిరి. గుండెకు పగ్గం వేసేది వేగస్ అనే నాడి. ఆటో లోవీ అనే శాస్త్రజ్ఞుడు 1921లో ప్రకటించిన ప్రయోగం మన జంతుశాస్త్ర మిత్రులకు తెలిసినదే. ఒక కప్ప గుండెకు వేగస్ నాడి ద్వారా ప్రేరణ ఇచ్చి, ఆ గుండె చుట్టూ ఉన్న ద్రవాన్ని తీసి రెండవ కప్ప గుండెకు పోస్తే అదీ నెమ్మదించింది. ఆ ద్రవంలోని పదార్థమే ఎసిటైల్‌కొలిన్. 1936లో హెన్రీ డేల్‌తో కలిసి ఆయనకు నోబెల్ బహుమానం వచ్చింది. ఊపిరి వదిలేటప్పుడు ఈ నాడి పట్టు పెరిగి గుండె కొంచెం నెమ్మదిస్తుంది. కనుక ఇంటర్వ్యూ గది బయట కూర్చున్నప్పుడు నాలుగు లెక్కపెడుతూ పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలండి. అయిదు నిమిషాలు చాలు. మన పెద్దలు ప్రాణాయామమని ఎప్పుడో చెప్పారుగదా అంటారు. అవును, చెప్పారు. చేసేవాళ్లమే తక్కువ.

5. నిద్ర, తిండి, టీ. హాస్టళ్లలో రాత్రి తొమ్మిదింటికి టీ త్రాగి చదవడం ఆచారం. టీలోని కెఫీన్ రక్తంలో సగమవడానికి సుమారు అయిదు గంటలు పడుతుంది. అంటే తొమ్మిదింటికి త్రాగినదాంట్లో సగం రాత్రి రెండింటికి ఇంకా మనలో మేలుకునే ఉంటుంది! చదివినది మెదడులో బాగా స్థిరపడటానికి నిద్ర కావాలి. నిద్ర చంపి చదవడమంటే చిల్లు కుండలో నీళ్లు పోయడమే. సాయంత్రం నాలుగు తరువాత టీ మానివేశాను. అరగంట గ్రౌండులో నడుస్తున్నాను. ఖర్చు లేని వైద్యం.

6. చెప్పడం. అన్నిటికంటె ముఖ్యమైనది ఇదే, నాకు అన్నిటికంటె కష్టమైనదీ ఇదే. ఇంటర్వ్యూ పోయిన సంగతి నెల రోజులు నాన్నకు చెప్పలేదు. ఫోను చేసినప్పుడల్లా, "ఇంకా చెప్పలేదు నాన్నా, చూస్తన్నారు" అని అబద్ధమాడాను. ప్రతి అబద్ధానికీ కడుపులో మంట పెరిగింది. ఫిబ్రవరిలో ఇంటికి వెళ్లాను. కాయలు కోసి కల్లంలో ఆరబోశారు. ఆయనా నేనూ కూర్చుని తాలు కాయలు ఏరుతున్నాము. తల ఎత్తకుండానే చెప్పేశాను.

నాన్న కాసేపు ఏమీ అనలేదు. తరువాత అన్నారు: "ఆ సంవత్సరం నల్ల తామర పురుగు వచ్చినప్పుడు నేనూ ఇట్టాగే చేశారా."

2021-22లో ఆ పురుగు మిరప పూలలో చేరి మన రెండు తెలుగు రాష్ట్రాలలోనూ తోటలను ఎట్లా నాశనం చేసిందో రైతు కుటుంబాల వారికి చెప్పనవసరం లేదు. మాకు అప్పుడు నాలుగెకరాలు కౌలు. "పురుగు పడ్డదని ఎవరికీ చెప్పలా. నామోషీ. ఊళ్లో నా చేనే మంచిదని పేరుండేది. అప్పు చేసి మందు మీద మందు కొట్టా. నెల తర్వాత తెలిసింది, పక్క చేలోనూ అదే పురుగు, వాడూ అట్టాగే దాచిపెట్టాడు. ముందే ఒకరికొకరం చెప్పుకునుంటే ఆ మందుల ఖర్చన్నా మిగిలేది. పంట పోయినందుకంటే దాచినందుకు ఎక్కువ పోయింది. నువ్వు దాచమాక."

అంతే. ఆ రాత్రి నాకు కడుపులో మంట లేదు. హాస్టలుకు తిరిగి వచ్చి మా గదిలో ముగ్గురికీ చెప్పాను. ముగ్గురిలో ఇద్దరు తమకూ పోయిందని అప్పుడు చెప్పారు! పక్క చేలోనూ అదే పురుగు.

7. రెండవ దారి. తెలివైన రైతు ఉన్న భూమంతా ఒకే పంట వేయడు. లా చదివినవారికి పెద్ద ఫర్ము ఒక్కటే గమ్యం కాదు. అఖిల భారత బార్ పరీక్ష నెగ్గి కోర్టులో ప్రాక్టీసు చేయవచ్చును. 1987 చట్టం కింద ఏర్పడిన న్యాయసేవాధికార సంస్థల ద్వారా పేదలకు ఉచిత సహాయం అందించవచ్చును. జూనియర్ సివిల్ జడ్జి పరీక్షకు మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలన్న నిబంధనను 2025 మే నెలలో సుప్రీంకోర్టు తిరిగి తెచ్చింది. కనుక కోర్టులో గడిపిన ఏళ్లు వృథా కావు. మన సైన్సు విద్యార్థులకు కూడా ఒక మాట. డిగ్రీ తరువాత లాసెట్ వ్రాసి మూడేళ్ల లా కోర్సులో చేరవచ్చును. పేటెంటు దరఖాస్తులు చదవాలంటే రసాయన శాస్త్రం తెలిసిన లాయర్లు కావలసిందే. రెండవ దారి ఉన్నదని తెలిస్తే మొదటి దారిలో కాళ్లు వణకవు.

చేయి దాటినప్పుడు

పైన చెప్పినవన్నీ మామూలు ఎద్దడికి పనికివచ్చేవి. కాని రెండు వారాలకు మించి నిద్ర, ఆకలి లేకపోయినా, దేనిమీదా ఆసక్తి పోయినా, బ్రతకడం ఎందుకన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా, అది వైద్యుడు చూడవలసిన విషయం. జ్వరం వస్తే ఆసుపత్రికి వెళ్లడానికి సిగ్గుపడము. దీనికి ఎందుకు సిగ్గు? 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం టెలి మానస్ అనే సేవను ప్రారంభించింది. 14416 అనే నెంబరుకు ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చును.

ఇంకొక సంగతి. 2025 జులైలో, విశాఖపట్టణంలో ఒక విద్యార్థిని మరణానికి సంబంధించిన కేసులో సుప్రీంకోర్టు దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ మార్గదర్శక సూత్రాలు ఇచ్చింది. వందమంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థా శిక్షణ పొందిన కౌన్సిలరునో, మనస్తత్వ నిపుణుణ్ణో నియమించుకోవాలన్నది అందులో ఒకటి. ఈ తీర్పు గురించి నాకు చెప్పినది అక్కే. "చట్టం చదివి ఒరిగేదేముందని అడుగుతావుగా, ఇదిగో" అంది. విద్యార్థి సంఘం వారికి నా మనవి ఒక్కటే. క్రికెట్ జట్టు జాబితా పెట్టే నోటీసు బోర్డులోనే ఆ 14416 నెంబరు కూడా పెద్ద అక్షరాలతో ఏడాది పొడుగునా ఉంచండి. ప్లేస్‌మెంట్లలో ఎంపికైనవారి పేర్లు ప్రకటించే రోజున, కానివారితో కూర్చుని ఒక కప్పు టీ త్రాగే ఏర్పాటు కూడా చేయండి. సాయంత్రం నాలుగు లోపలే!

ముగింపు

ఇటువంటి వ్యాసాల చివర "చివరకు విజయం సాధించాము" అని వ్రాయడం ఆనవాయితీ. నేను అలా వ్రాయలేను. అక్కకు హైదరాబాదులో ఒక చిన్న ఆఫీసులో నాలుగు వారాల శిక్షణకు పిలుపు వచ్చింది. ఆమె కోరుకున్న పేరు కాదు. అయినా వెళ్లింది. అక్కడ కౌలు ఒప్పందాల పత్రాలు చదువుతుంటే మొదటిసారి తన ఊరి సంగతులు చట్టంలో కనిపించాయట. ఉద్యోగం ఇస్తారో లేదో తెలియదు. నేను మరొక రెండు కంపెనీలకు వ్రాసి, పీజీ ప్రవేశ పరీక్షకు చదువుతున్నాను. ఈ సంచిక మీ చేతికి అందేనాటికి నా సంగతి తేలవచ్చును, తేలకపోవచ్చును.

కాని ఒక్కటి తేలింది. మొన్న ప్రాక్టికల్స్‌లో ఎక్స్టర్నల్ గారు అదే ప్రశ్న అడిగారు. గుండె వేగం పెరిగింది. తెలిసింది. ఒకసారి నెమ్మదిగా ఊపిరి వదిలి, "ఫినాఫ్తలీన్ సార్" అన్నాను. శాంకవ కుప్పెలో లేత గులాబి రంగు నిలిచింది.

నారుమడి దాటి చేలోకి వెళుతున్న తోటి విద్యార్థులందరికీ శుభం కోరుతూ విరమిస్తున్నాను.